దీవిలో దొర, రేవులో మొగుడు

ఒక కూలివాడు ఒక ధనవంతురాలిని చెంపదెబ్బలు కొడతాడు. ఊరికే కొట్టడు, ఒక్కొక్క దెబ్బకూ ఒక్కొక్క పద్దు చెపుతూ కొడతాడు. ఇది మీరు ఎగ్గొట్టిన పన్నులకు, ఇది పేదవాడికి చోటు దొరకని ఆస్పత్రులకు, ఇది మీ మూలంగా పెరిగిన ధరలకు. అభ్యుదయ భావాలు గల ప్రేక్షకుడికి ఈ దృశ్యం చూస్తుంటే లోపల ఎక్కడో సంతోషం కలుగుతుంది. కలగలేదని చెప్పేవాడు అబద్ధమాడుతున్నాడని నా అనుమానం. కాని ఆ సంతోషం కలిగిన మరుక్షణంలో ఒక ప్రశ్న వేసుకోక తప్పదు: ఆ చెయ్యి వర్గశత్రువు మీద లేచిందా, ఆడదాని మీద లేచిందా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోకుండా ఈ చిత్రాన్ని మెచ్చుకోవటానికీ వీల్లేదు, తిట్టిపొయ్యటానికీ వీల్లేదు.

ఈ దృశ్యం లీనా వెర్ట్‌ముల్లర్ 1974లో తీసిన ఇటాలియన్ చిత్రంలోది. దాని అసలు పేరు చాలా పొడుగు. తెలుగులో చెప్పుకుంటే, ఆగస్టు నెల నీలిసముద్రంలో ఒక వింత విధివశాన కొట్టుకుపోయినవాళ్లు అని అర్థం. ఇతర దేశాల్లో ఇది ‘స్వెప్ట్ అవే’ అనే పొట్టిపేరుతో ప్రసిద్ధమయింది. వెర్ట్‌ముల్లర్ 1928లో రోములో పుట్టి 2021లో అక్కడే చనిపోయింది. ఫెలీనీ దగ్గర సహాయకురాలిగా పనిచేసింది. ఈ చిత్రం తరవాత తీసిన ‘సెవెన్ బ్యూటీస్’కు గాను ఉత్తమ దర్శకత్వపు ఆస్కార్ పోటీలో నిలిచిన మొట్టమొదటి స్త్రీ అయింది. స్త్రీని కొట్టే మగవాణ్ణి చూపించిన ఈ చిత్రాన్ని తీసింది స్త్రీయేనన్న సంగతి దీన్ని సమర్థించేవాళ్లు తరచుగా చెపుతారు. ఆ వాదం చెల్లదు. తీసినవారు ఎవరన్నది కాక, తీసింది ఏమిటన్నదే విమర్శకుడు చూడవలసింది.

కథ చిన్నది. మిలాన్ నుంచి వచ్చిన కొందరు డబ్బున్నవాళ్లు విహారనౌకలో మధ్యధరా సముద్రం మీద తిరుగుతుంటారు. వాళ్లలో రఫాయెల్లా అనే ఆవిడ నోరు ఒక్క క్షణం మూతపడదు. ఎండలో పడుకుని కమ్యూనిస్టులను తిడుతుంది, జనాభా పెరిగిపోతున్నదని వాపోతుంది, రాజకీయాలన్నీ తనకే తెలుసునన్నట్టు మాట్లాడుతుంది. ఆ నౌక మీద పనిచేసే జెన్నరీనో దక్షిణాదివాడు, సిసిలీవాడు, కమ్యూనిస్టు. అన్నీ వింటూ పళ్లు కొరుకుతుంటాడు. సేమియా మెత్తబడిపోయిందనీ, కాఫీ మళ్లీ వెచ్చచేసి తెచ్చాడనీ, అతని చొక్కా చెమటకంపు కొడుతున్నదనీ ఆవిడ అతన్ని నలుగురిలో అవమానిస్తుంది. ఒక సాయంత్రం ఆవిడ పట్టుబట్టటం వల్ల ఇద్దరూ చిన్న పడవలో బయలుదేరుతారు. ఇంజను చెడిపోతుంది. కొట్టుకుపోయి ఒక నిర్మానుష్యమైన దీవి చేరతారు. అక్కడ పాత్రలు తారుమారవుతాయి. తిండి సంపాదించటం అతనికి వచ్చు, ఆవిడకు రాదు. ఆవిడ డబ్బిస్తానంటుంది. అతను నవ్వుతాడు. తిండి కావాలంటే తన గుడ్డలు ఉతకాలి, తన చెయ్యి ముద్దుపెట్టుకోవాలి, తనను అయ్యగారూ అని పిలవాలి. తరవాత కొట్టటం, తరిమి పట్టుకుని ఇసుకలో పడవెయ్యటం. చెరచబోయి చివరి క్షణంలో ఆగి, నువ్వే నా కాళ్లమీద పడి కోరుకోవాలి అని శాసించటం. ఆవిడ కోరుకుంటుంది. దాసి అవుతుంది. అతను కూడా ప్రేమలో పడతాడు.

దీవుల కథలు సాహిత్యానికి కొత్త కాదు. ఫ్రెంచి నాటకకర్త మారివో 1725లోనే ‘బానిసల దీవి’ అనే నాటకం రాశాడు. అందులో యజమానులూ బానిసలూ బట్టలూ పేర్లూ మార్చుకుంటారు. కన్నీళ్లు పెట్టుకుని, క్షమించుకుని, చివరకు ఎవరి చోటికి వాళ్లు చేరతారు. 1902లో బారీ రాసిన ‘అడ్మిరబుల్ క్రైటన్’లో నౌకరు దీవికి నాయకుడవుతాడు, దొరసాని అతన్ని పెళ్లాడటానికి సిద్ధపడుతుంది, రక్షించే ఓడ రాగానే అతను మళ్లీ నౌకరు అవుతాడు. రచయితలకు దీవి ఒక ప్రయోగశాల. అక్కడ బాంకు లేదు, పోలీసు లేడు, చట్టం లేదు. వాటిని తీసివేస్తే యజమాని అనేవాడు ఎంత మిగులుతాడో తూచి చూడవచ్చు. వెర్ట్‌ముల్లర్ తూచిన తూకంలో రఫాయెల్లా సున్న. శ్రమ చెయ్యటం తెలియని వర్గం శ్రమ చేసేవాడి మీద ఎంతగా ఆధారపడి బతుకుతున్నదో ఉపన్యాసం లేకుండా, కేవలం ఆకలితో, ఈ చిత్రం చూపుతుంది. ఇది సామాన్యమైన విజయం కాదు.

మరొక విషయంలో కూడా ఈ చిత్రం పాత దీవుల కథలకన్నా ముందుకు పోయింది. ఇక్కడ వర్గభేదానికి తోడు ఉత్తర దక్షిణాల భేదం వున్నది. మిలాన్, టూరిన్ ఫాక్టరీలకు లక్షలాది దక్షిణాది రైతుకూలీలు వలసపోయిన కాలం అది. వాళ్లను అక్కడివాళ్లు ‘తెర్రోనె’ అని తిట్టేవాళ్లు. మట్టికి వాళ్ల భాషలో వున్న మాటలోనుంచే ఆ తిట్టు పుట్టింది. దక్షిణాదివాడు పుట్టుకతోనే సోమరి అనీ, దేశానికి గుదిబండ అనీ ఉత్తరాది బూర్జువాలు చేసే ప్రచారం ఉత్తరాది కార్మికుడి బుర్రలోకి కూడా ఎట్లా ఎక్కిందో గ్రాంసీ 1926లోనే తన దక్షిణాది సమస్య వ్యాసంలో వివరించాడు. గ్రాంసీ సార్డీనియావాడు. ఈ చిత్రంలోని దీవి దృశ్యాలు తీసిందీ సార్డీనియా తీరాన్నే. రఫాయెల్లా ముక్కు మూసుకున్నది చెమటకంపుకు మాత్రమే కాదు. అందులో ఒక దేశపు చరిత్ర వున్నది. మరియాంజెలా మెలాతో మిలాన్ యాసలో గలగలా తిడుతుంటే, జన్‌కార్లో జన్నీనీ కళ్లతో జవాబు చెపుతుంటే, ఆ చరిత్రంతా మనకు అర్థమవుతుంది.

కాని సమస్య దీవిలో అడుగుపెట్టిన తరవాతనే మొదలవుతుంది. జెన్నరీనో కమ్యూనిస్టు గదా, అధికారం చేతికి వచ్చినప్పుడు ఏం చేశాడు? ఇద్దరం పనిచేద్దాం, ఇద్దరం తిందాం అనలేదు. యజమాని కుర్చీ ఖాళీ అయితే దాన్ని విరగ్గొట్టలేదు, తానెక్కి కూచున్నాడు. పైగా ఆ కుర్చీ అతనికి కొత్త కూడా కాదు. ఇంటిదగ్గర అతను ఎప్పుడూ కూచునే కుర్చీయే అది. కుటుంబంలో భర్త బూర్జువా అనీ, భార్య శ్రామికవర్గానికి ప్రతినిధి అనీ ఎంగెల్స్ 1884లో కుటుంబం గురించిన తన గ్రంథంలో రాశాడు. జెన్నరీనో ఓడ మీద శ్రామికుడు, ఇంట్లో బూర్జువా. దీవిలో అతను చేసిన విప్లవమల్లా ఓడను ఇల్లు చెయ్యటమే.

దర్శకురాలికి ఈ సంగతి తెలుసునా? తెలుసుననే నా నమ్మకం. అందుకు సాక్ష్యం 1972లో ఇదే జంటతో ఆమె తీసిన ‘మిమీ’ చిత్రం. అందులో కథానాయకుడు ఫాక్టరీ కార్మికుడు, కమ్యూనిస్టు. ఇంటికి దూరంగా వుండి మరొక స్త్రీతో కాపురం పెడతాడు, బిడ్డను కంటాడు. తన భార్య మరొకడి వల్ల గర్భవతి అయిందని తెలియగానే మటుకు అతనిలోని కమ్యూనిస్టు మాయమై, పరువు పోయిన సిసిలీ మొగుడు లేచి నిలబడతాడు. ఆ చిత్రం చూసినవాళ్లకు, పార్టీ కార్డు జేబులో పెట్టుకుని తాతలనాటి మగతనాన్ని గుండెల్లో పెట్టుకు తిరిగేవాణ్ణి వెర్ట్‌ముల్లర్ ఎంత నిర్దాక్షిణ్యంగా అధిక్షేపించగలదో తెలుసు. జెన్నరీనో ఆ మిమీకి తమ్ముడు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, పన్నులు ఎగ్గొట్టే వర్గం మీది కోపాన్ని చేతికి దొరికిన ఒక స్త్రీ శరీరం మీద చూపేవాణ్ణి ఆమె వీరుడిగా కాక నవ్వులపాలయ్యేవాడిగానే చిత్రించింది.

చిత్రం వచ్చిన కాలాన్ని కూడా గుర్తు పెట్టుకోవాలి. ఇటలీలో విడాకుల చట్టం 1970 డిసెంబరులో వచ్చింది. దాన్ని రద్దు చెయ్యాలని మతవాదులు పట్టుబట్టగా 1974 మే నెలలో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. సుమారు 59 శాతం ఓటర్లు రద్దు చెయ్యవద్దన్నారు. ఇటలీ కమ్యూనిస్టు పార్టీ ఆ ఓటింగు జరగకుండా రాజీ కుదర్చాలని ప్రయత్నించింది; కాథలిక్ మతస్థులైన శ్రామికులు దూరమవుతారని నాయకత్వం జంకింది. జనం నాయకులకన్నా ముందున్నారని ఫలితం రుజువు చేసింది. అదే సంవత్సరం డిసెంబరులో ఈ చిత్రం విడుదలయింది. అప్పటికింకా 1942 నాటి పౌరస్మృతి ప్రకారం కుటుంబానికి అధిపతి భర్తే; ఆ నియమం 1975లో పోయింది. పరువు కోసం భార్యనో కూతురినో చంపినవాడికి శిక్ష తగ్గించే నిబంధన 1981 దాకా వున్నది. మానభంగాన్ని వ్యక్తి మీద జరిగిన నేరంగా కాక సమాజ నీతి మీద జరిగిన నేరంగా లెక్కించే పద్ధతి 1996 దాకా సాగింది. స్త్రీల సంగతి తరవాత చూద్దాం, ముందు రొట్టె సంగతి చూద్దాం అనే వామపక్షీయులకు ఆ దేశంలో కొరత లేదు. ఆ ‘తరవాత’ ఎట్లా వుంటుందో ఈ చిత్రం దీవిలో చూపించింది. రొట్టె చేతికి వచ్చింది, స్త్రీ నేలమీద వున్నది.

ఇంతవరకూ చిత్రం బలం. ఇక బలహీనత.

ఈ చిత్రం మీద స్త్రీవాదులు తీవ్రంగా దాడి చేసినప్పుడు వెర్ట్‌ముల్లర్ ఇచ్చిన సమాధానం ఒకటి వున్నది. రఫాయెల్లా బూర్జువా సమాజానికి ప్రతీక అనీ, ఆ సమాజం మగవాడిదే గనక ఒక విధంగా ఆ పాత్ర మగవాడికి ప్రతీక అనీ ఆమె అన్నది. ఇది చమత్కారమే గాని సమాధానం కాదు. కాగితం మీద ప్రతీకను కొట్టవచ్చు. తెర మీద కొట్టేటప్పుడు దెబ్బ ఒక మనిషి చెంప మీద పడుతుంది. ప్రతీకకు ఒళ్లు కందదు, ప్రతీక ఇసుకలో పరుగెత్తి పడిపోదు, ప్రతీక గుడ్డలు చిరగవు. బూర్జువా వర్గాన్ని దండించటానికి అంత అందమైన ఎండలో అంత అందమైన స్త్రీ దేహాన్ని అంతసేపు చూపించవలసిన అవసరం ఏమిటి? అక్కడ కెమెరా జెన్నరీనోను అధిక్షేపించటం మానేసి అతని కళ్లతోనే చూడటం మొదలుపెట్టింది. ప్రేక్షకుడికి వర్గకసి పేరుతో వేరే రకం సంతోషం దొంగచాటుగా అందింది. వ్యాసం మొదట్లో నేను చెప్పిన సంతోషంలో ఈ దొంగసరుకు ఎంత వున్నదో ఎవరికి వారు తరచి చూసుకోవలసిందే.

అంతకన్నా పెద్ద తప్పు, ఆ హింసలోనుంచి ప్రేమ పుట్టిందని చెప్పటం. దాన్ని నమ్మటానికి చిత్రంలో వున్న ఆధారాలే అడ్డుపడతాయి. తిండి ఎవరి చేతిలో వున్నది? కొట్టే బలం ఎవరికి వున్నది? పారిపోవటానికి దారి వున్నదా? ఆకలితో వున్న కూలివాడు తక్కువ కూలికి ఒప్పుకుంటే దాన్ని స్వేచ్ఛగా చేసుకున్న ఒప్పందమని మనం అనం. అటువంటి ఒప్పందాన్ని ప్రపంచమంతటా ఎండగట్టింది మన సాహిత్యమే. మరి ఆకలితో వున్న స్త్రీ ఒప్పుకుంటే దాన్ని ప్రేమ అని ఎట్లా అంటాం? కూలి విషయంలో మార్క్సిస్టుగా ఆలోచించి, స్త్రీ విషయానికి వచ్చేసరికి ప్రేమకు తర్కం లేదనటం న్యాయం కాదు. ఈ లెక్క చిత్రంలో ప్రతి అంకెతో సహా వేసివున్నది. కూడిక మాత్రం దర్శకురాలు పూర్తి చెయ్యలేదు.

ఆమె పూర్తి చెయ్యని కూడికను కథ తనంతట తానే పూర్తి చేసింది. ఒకనాడు ఓడ కనపడుతుంది. పిలవవద్దని రఫాయెల్లా బతిమాలుతుంది. లోకంలోకి తిరిగి వెళ్లినా నువ్వు నన్నే ప్రేమిస్తావా అన్న పరీక్ష పెట్టాలని జెన్నరీనో ఓడను పిలుస్తాడు. రేవులో ఆవిడ భర్త ఒకవైపు, అతని భార్య ఒకవైపు ఎదురుచూస్తుంటారు. జెన్నరీనో ఉంగరం కొని పంపుతాడు, మళ్లీ దీవికి పోదాం రమ్మంటాడు. ఆవిడ భర్తతో హెలికాప్టర్ ఎక్కి వెళ్లిపోతుంది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటిన తరవాత బోడి మల్లయ్య. దీన్ని చూసి, ఎంత ప్రేమించినా బూర్జువా స్త్రీ బూర్జువాయే, వర్గమే గెలిచింది అని వ్యాఖ్యానించటం పరిపాటి. అది సగం నిజం. ఆవిడ ఎదుట వున్న దారులు ఎన్ని? ఒకవైపు డబ్బున్న భర్త ఇల్లు, మరొకవైపు కొట్టి ముద్దాడే యజమాని దీవి. రెండింటిలోనూ ఆవిడకు స్వాతంత్ర్యం లేదు. ఇద్దరు యజమానుల్లో కొట్టనివాణ్ణి ఎంచుకున్నది. మూడో దారి చూపకుండా, ఆవిడ వెళ్లిపోయినందుకు వర్గద్రోహమో ప్రేమద్రోహమో అంటగట్టటం మనకు తగదు.

ఇక మూడో మనిషి. ఈ చిత్రాన్ని గురించి ఎంతోమంది రాశారు. దాదాపు అందరూ దీవిలోని ఇద్దరి గురించే రాశారు. రేవుగట్టు మీద నిలబడ్డ జెన్నరీనో భార్యను గురించి ఒక్క వాక్యం రాసి వదిలేశారు. తెర మీద ఆమెకు దొరికిన కాలం కూడా కొంచెమే. కాని ఆలోచించండి. ఈ కథలో నిజంగా శ్రామికురాలైన స్త్రీ ఆమె ఒక్కతే. ఓడ మీద విలాసాల్లో ఆమెకు చోటు లేదు. దీవి మీద జరిగిన తారుమారులో ఆమె లేదు. భర్త కమ్యూనిజంలో ఆమెకు వాటా లేదు, భర్త ప్రేమలోనూ లేదు. రఫాయెల్లా నెలకొద్దీ రోజులు దీవిలో పడ్డ చాకిరీ, అంటే ఉతకటం, వండటం, మాట పడటం, దెబ్బ తినటం, ఈమె ఇంట్లో పెళ్లయిన నాటినుంచీ పడుతూ వుండి వుంటుంది. ధనవంతురాలికి జరిగితే అది చోద్యమైన కథ అయింది, సినిమా అయింది. పేదరాలికి జరుగుతున్నప్పుడు దాన్ని సంసారం అన్నారు. చిత్రం చివర, పోయినావిడను తిట్టుకుంటూ మిగిలిన జెన్నరీనోను భార్య నిలదీస్తుంది. అతను పెట్టె మోసుకుంటూ ఆమెతో కలిసి రేవుగట్టు వెంట నడిచిపోతాడు. దీవిలో దొర మళ్లీ రేవులో మొగుడు అయ్యాడు. ఆ చివరి దృశ్యంలో నాకు జెన్నరీనో ఓటమికన్నా ఆ భార్య గెలవకపోవటమే ఎక్కువగా కనిపించింది. ఆమె మొగుడు ఆమెకు తిరిగి దొరికాడు. అంతకు మించి లోకంలో ఏమీ మారలేదు.

ఈ చిత్రంలోని అధిక్షేపమంతా రాజకీయం మీదనే నిలబడి వున్నదని ఇంకొక విధంగా కూడా రుజువయింది. 2002లో దీన్ని ఇంగ్లీషులో మళ్లీ తీశారు. మడోన్నా నాయిక, జన్నీనీ కొడుకు అద్రియానో నాయకుడు. దీవి వున్నది, సముద్రం వున్నది, చెంపదెబ్బ వున్నది. వర్గరాజకీయంలోని పదును మటుకు పోయింది. అది పోయేసరికి దెబ్బకు పద్దు లేకుండా పోయింది, మిగిలింది ఒక పొగరుబోతు స్త్రీని దారికి తెచ్చిన మగవాడి కథ. ఆ కథను చూసి విమర్శకులూ ప్రేక్షకులూ ఒకే మాటగా ముఖం తిప్పుకున్నారు.

ఆ పొగరు అణిచే కథ తెలుగు ప్రేక్షకుడికి బాగా అలవాటయినదే. 1962లో వచ్చిన ‘గుండమ్మ కథ’లో సరోజ పొగరు భర్త చేతిలో అణిగినప్పటి నుంచీ ఆ సంప్రదాయం మన తెర మీద తరగకుండా సాగింది. డబ్బున్న పిల్లకు బుద్ధి చెప్పిన పేద కథానాయకుడికి మనం వర్గచైతన్యం పేరుతో చప్పట్లు కొడుతూనే వచ్చాం. అందువల్లనే ఈ ఇటాలియన్ చిత్రాన్ని మన విద్యార్థులు చూసేటప్పుడు కొంచెం జాగ్రత్తగా చూడాలి. మనకు ముందే అలవాటయిన నవ్వుతో దీన్ని చూస్తే, ఇందులో అధిక్షేపానికి గురి అవుతున్నవాడే మనకు నాయకుడిగా కనిపిస్తాడు.

మొదట వేసుకున్న ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పవచ్చు. ఆ చెయ్యి లేచింది వర్గశత్రువు మీద. పడింది ఆడదాని మీద. లేచిన చెయ్యికీ పడిన చోటుకూ మధ్య వున్న దూరమే ఈ చిత్రం వస్తువు. వెర్ట్‌ముల్లర్ మగవాణ్ణి గురించి నిజం చెప్పింది. ధనవంతురాలిని గురించి సగం నిజం చెప్పి, మిగతా సగాన్ని ఎండలో మెరిపించి దాచింది. రేవుగట్టు మీది స్త్రీని గురించి చెప్పవలసినదంతా మనకు వదిలిపెట్టింది. దెబ్బలకు పద్దులు చెప్పటం తెలిసిన జెన్నరీనో, ఇంట్లో తాను బాకీపడ్డ పద్దు ఒక్కటి కూడా చదవలేదు. ఆ పద్దు చదవటం నేర్చుకోనంతకాలం ఎన్ని దీవులు మన చేతికి వచ్చినా వాటి మీద కట్టేది పాత ఇల్లే.